గోదారి చెమ్మలో పాత యూరప్ స్పోర్ట్స్ కారు నిలబడాలంటే

ఇంగ్లండులో ఈ కార్లను తినేసేది చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. మన దగ్గర ఎవరూ చల్లక్కర్లేదు. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా సముద్రపు గాలే ఉప్పును మోసుకొస్తుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద నేలలోనే ఉంటుంది. చేపల వ్యాన్ల నుంచి కారే ఐసు నీళ్లు దాన్ని తారు రోడ్డు మీదకి తెచ్చి పోస్తాయి. పైన జూన్ నుంచి నవంబరు దాకా వదలని చెమ్మ. 1960లు, 70ల నాటి జాగ్వారో, ఎంజీయో, పోర్షేయో కొని డెల్టాలో పెట్టుకుందామనుకునేవాళ్లు ముందు రేకు గురించి ఆలోచించాలి, తర్వాతే ఇంజను. ఇంజను ఎప్పుడైనా విప్పి బిగించుకోవచ్చు. లోపలి నుంచి తుప్పు తిన్న బాడీని నిలబెట్టడానికి మాత్రం బండి కొన్న డబ్బు కూడా చాలకపోవచ్చు. ఇంకో మాట: ఇక్కడ ఈ బండ్లు తిరిగి కాదు, నిలబడి పాడవుతాయి.

కొనేముందు వేలు ఎక్కడ పెట్టాలి

చూడ్డానికి వెళ్లేటప్పుడు మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, మంచి టార్చి, స్క్రూడ్రైవరు, పెయింటు మందం చూపే మీటరు తీసుకెళ్లండి. కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. పైన ఇంకోసారి పెయింటు వేస్తే 300 దాకా వస్తుంది. 1000 దాటిందంటే కింద లప్పం ఉన్నట్టే. బానెట్ మీదా పైకప్పు మీదా కొలవడం దండగ, అక్కడ ఎవరి బండైనా బాగానే ఉంటుంది. చక్రాల పై అంచులు, తలుపు కింద భాగాలు, హెడ్‌లైట్ల చుట్టూ, డిక్కీ నేల... అక్కడ కొలవండి. లప్పం మీద అయస్కాంతం పట్టు సడలుతుంది. అల్యూమినియం మీద అసలు పట్టదు కాబట్టి ఏ భాగం ఏ లోహమో ముందు తెలుసుకుని వెళ్లాలి.

ఎంజీబీ (1962 నుంచి 1980) విషయంలో అసలు బరువు మోసేది తలుపుల కింద ఉండే సిల్లులు. ఇవి బయటకు కనిపించే ఒక్క రేకు కాదు. బయట సిల్లు, లోపల నిలువు గోడ, దాని కింద క్యాజిల్ రెయిల్, అన్నీ కలిసి ఒక గుల్ల పెట్టె. బయట రేకు ఒక్కటే కొత్తది అతికించి, లోపల తుప్పు అలాగే వదిలేసిన బండ్లు బోలెడు. పరీక్ష తేలిక. తలుపు మూసి, తలుపుకీ వెనక పలకకీ మధ్య సందు ఎంతుందో చూడండి. ఇప్పుడు జాకీ పాయింటు కింద జాకీ పెట్టి ఆ పక్క ఎత్తండి. సందు పైభాగంలో మూసుకుపోతున్నా, తలుపు తెరవడానికి పట్టేసినా బండి నడుము వంగుతోందన్నమాట. జాకీ పెట్టినచోట కరకరమని శబ్దం వస్తే అక్కడితో ఆపేసి బండి దించేయండి. తెరుచుకునే టాపు ఉన్న బండికి ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే దానికి పైకప్పు ఆసరా ఉండదు.

అదే బండిలో ఇంకో రహస్య స్థలం ఉంది. అద్దం కింద జాలీ నుంచి హీటరు గదిలోకి దిగిన వాన నీరు ఒక రబ్బరు గొట్టం ద్వారా కిందకి పోవాలి. ఆ గొట్టం ఆకులతో మూసుకుంటే నీరు నేరుగా కాళ్ల దగ్గరికి దిగుతుంది. కార్పెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టండి. నేల తడిగా ఉండి, పైన కార్పెట్ మాత్రం కొత్తదైతే అర్థం మీకే తెలుస్తుంది.

జాగ్వార్ ఈ-టైప్ 1961 మార్చిలో జెనీవాలో బయటికొచ్చింది. మొదట 3.8 లీటర్లు, 1964 నుంచి 4.2, 1971 నుంచి 5.3 లీటర్ల వీ12. దీని ముందు భాగంలో ఇంజనునీ, సస్పెన్షన్‌నీ మోసేవి సన్నటి చదరపు ఉక్కు గొట్టాల ఫ్రేములు. అవి లోపలి నుంచి తుప్పు పడతాయి, బయట పెయింటు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ప్రతి గొట్టాన్నీ చిన్న సుత్తి పిడితో తడుతూ వినండి. గణగణ మోగాలి. మందంగా డొప్పమని వస్తే అనుమానించండి. ఈ గొట్టాలు అతుకు వేయడానికి లేవు. ఊళ్లో వెల్డింగు షాపులో ఆర్క్ వెల్డింగుతో అతికించిన ఫ్రేము చూస్తే ఆ బండి ధరలోంచి కొత్త ఫ్రేము ఖర్చు తీసేసి మాట్లాడండి. బోల్టులతో బిగించే భాగమే కాబట్టి మార్చుకోవచ్చు. వెనక రేడియస్ ఆర్మ్ నేలకి బిగించే చోటు కూడా చూడండి.

పోర్షే 911లో గీత 1976 మోడల్ సంవత్సరం. అప్పటి నుంచి బాడీ మొత్తానికీ జింకు పూత ఇచ్చారు. డెల్టాలో 911 కొనేవాళ్లకు ఈ ఒక్క ముక్క వేల పేజీల సలహా కన్నా విలువైనది. అంతకుముందు బండ్లలో ముందు బ్యాటరీ గూళ్లు, పెట్రోలు ట్యాంకు చుట్టూ నేల, తలుపు వెనక సిల్లు వెనక చక్రాన్ని కలిసే మూల... ఈ మూడూ చూడాలి. జింకు ఉన్నా వెల్డింగు చేసిన చోట, గీతలు పడ్డ చోట తుప్పు వస్తుంది.

మెర్సిడెస్ 230 ఎస్‌ఎల్, 250, 280 (1963 నుంచి 1971) బండ్లలో తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం, తక్కినది ఉక్కు. బానెట్ ఎత్తి ముందు ఫెండర్ల లోపలి అంచు చూస్తే కంపెనీ స్పాట్ వెల్డింగు గుంటలు వరసగా గుండ్రంగా కనబడాలి. అవి లేకపోతే ఆ ఫెండరు ఎప్పుడో మార్చారు, అంటే బండి ఎప్పుడో గుద్దుకుంది లేదా తుప్పు పట్టింది. ఆస్టన్ మార్టిన్ డీబీ5 లాంటి బండ్లలో సన్నటి ఉక్కు గొట్టాల పంజరం మీద అల్యూమినియం రేకు తొడుగుతారు. ఉక్కూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకేచోట ఉప్పు చెమ్మ చేరిందంటే అక్కడ బ్యాటరీ పుట్టినట్టే. అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది, పైన పెయింటు బుడగలు లేస్తుంది. సముద్రానికి పది పదిహేను కిలోమీటర్ల లోపు ఇల్లు ఉన్నవాళ్లు అలాంటి బండి జోలికి పోకపోవడమే మంచిది, ఏసీ గది కట్టించగలిగితే తప్ప.

మొదటి బండి ఏది కొనాలని అడిగితే ఎంజీబీ జీటీ. గట్టి పైకప్పు ఉంటుంది, దొరకని పార్టంటూ దాదాపు లేదు, కొత్త బాడీ షెల్లులు కూడా తయారవుతున్నాయి. అన్నిటికన్నా పెద్ద లాభం మెకానిక్. దాని 1798 సీసీ ఇంజను బీఎంసీ బీ-సిరీస్, మన పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజను వంశమే. రాజమండ్రిలోనో తణుకులోనో అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన పెద్ద మేస్త్రీ ఒకాయన ఉంటే ట్యాపెట్లు (0.38 మి.మీ.), డిస్ట్రిబ్యూటరు పాయింట్లు (0.35 నుంచి 0.40), ప్లగ్గు గ్యాపు (0.64) చెబితే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు. అలాగే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఒకే ఛాసీ కుటుంబం. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఇంగ్లీషు బండికి అంగుళాల పానాలు కావాలి. మిల్లీమీటర్ల పానా పెట్టి తిప్పితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. మేస్త్రీని నమ్మండి, ఆయన పానాల పెట్టెను నమ్మకండి. అంగుళాల సెట్టు మీరే కొనిపెట్టండి.

కాగితాల విషయం. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఫారం 20తో దరఖాస్తు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత పునరుద్ధరణకి 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు లాంటి పనులకే. ఛాసీ, బాడీ, ఇంజను మార్చి ఉంటే ఒప్పుకోరు కాబట్టి నంబర్లు ముందే సరిచూడండి. ఈ-టైప్‌లో ఛాసీ నంబరు ముందు ఫ్రేము మీదా, ఇంజను నంబరు బ్లాకు మీదా, హెడ్ మీదా కొట్టి ఉంటుంది. అక్షరాల చుట్టూ రేకు రుద్దినట్టున్నా, అంకెలు వంకరగా ఉన్నా బేరం ఆపండి.

షెడ్డు

నల్లరేగడి మీద మామూలు సిమెంటు నేల వేస్తే కింద నుంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. నేల వేసేముందు ఇసుక పరిచి, దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, అతుకుల దగ్గర జానెడు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి, పైన కాంక్రీటు. ఉన్న నేల సంగతి తెలియాలంటే ఒక మీటరు చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు పక్కలా టేపుతో నేలకి అంటించి మర్నాడు ఎత్తి చూడండి. కింద నీటి బొట్లు ఉంటే ఆ నేల తడి నేలే.

గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఇనుము తుప్పు వేగం పెరుగుతుంది. ఉప్పు అంటి ఉంటే ఇంకా ముందే మొదలవుతుంది. గోడకు ఒక చిన్న తేమ మీటరు తగిలించండి. తలుపులు బిగుతుగా మూసుకునే షెడ్డు అయితే డీహ్యుమిడిఫయర్ పెట్టి 50 దగ్గర ఉంచవచ్చు. రేకుల షెడ్డులో అది పెడితే గోదారిని బకెట్టుతో తోడినట్టు ఉంటుంది. అలాంటి చోట పైనా కిందా గాలి ఆడేలా జాలీలు, బండి కింద నుంచి వీచేలా ఒక టేబుల్ ఫ్యాను చాలు. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు. ధనుర్మాసంలో తెల్లవారుజామున రేకు చల్లగా ఉండి, పొద్దెక్కేసరికి వెచ్చటి తడిగాలి తగిలినప్పుడు దానిమీద చెమట పడుతుంది. ఆ చెమట ప్లాస్టిక్ కింద ఎక్కడికీ పోదు. పల్చటి నూలు కవరు వేయండి.

ఎరువుల బస్తాలు ఉన్న గదిలో బండి పెట్టకండి. యూరియా నుంచి వెలువడే అమ్మోనియా ఇత్తడిని బీటలు వారుస్తుంది. కార్బొరేటర్ జెట్లు, రేడియేటరు, వైరు కొసలు అన్నీ ఇత్తడే. పొటాష్ అంటే అసలు క్లోరైడు, అంటే ఉప్పే. ధాన్యం గది ఇంకో సమస్య. కోతల తర్వాత ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. 911లో హీటరు గొట్టాలు, ఏ బండిలోనైనా ఎయిర్ ఫిల్టరు పెట్టె వాటికి గూళ్లు. సైలెన్సరు మూతినీ ఎయిర్ ఫిల్టరు మూతినీ సన్నటి ఇనుప జాలీతో మూసి, మూసినట్టు స్టీరింగ్ మీద చీటీ అంటించండి. కొబ్బరి చెట్టు కింద బండి ఆపకూడదని కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు.

రోహిణి కార్తెలో మైనం

గుల్ల భాగాల్లో మైనం కొట్టడానికి ఏడాదిలో ఒకటే సరైన సమయం: మే చివర నుంచి మృగశిర వచ్చేలోపు. రేకు లోపల ఎండిపోయి, వేడిగా ఉండాలి. అప్పుడే మైనం పల్చబడి సందుల్లోకి పాకుతుంది. వానాకాలంలో కొడితే తడిని లోపలే పెట్టి మూత వేసినట్టే.

మామూలు రెండు తలుపుల బండికి కేవిటీ మైనం సుమారు 5 లీటర్లు పడుతుంది. కావలసినవి: కంప్రెషరు, కేవిటీ గన్ను, చివర చుట్టూ చిమ్మే మీటరు పొడవు నైలాన్ గొట్టం, రబ్బరు మూతలు. ముందు సిల్లులు, తలుపు అడుగులు, ఛాసీ రెయిళ్లు, అన్నిటి నీటి రంధ్రాలూ సన్నటి తీగతో తెరవండి. లోపల పేరుకున్న మట్టిని మంచినీటితో కడిగేయండి. బోరు నీళ్లు వద్దు, చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కడిగాక మూడు రోజులు ఎండలో, తలుపులు తెరిచి ఉంచండి. మైనం డబ్బాని వేడినీళ్ల బకెట్లో అరగంట పెట్టండి. గొట్టాన్ని గుల్ల చివరిదాకా దూర్చి, చిమ్ముతూ మెల్లగా వెనక్కి లాగండి, సెకనుకి ఐదారు సెంటీమీటర్ల చొప్పున. నీటి రంధ్రంలోంచి మైనం కారడం మొదలైతే ఆ గుల్ల నిండినట్టు. కారడం ఆగాక అదే తీగతో రంధ్రాల్ని మళ్లీ తెరవండి. ఈ ఆఖరి పని మరిచిపోతే మొత్తం పనే తిరగబడుతుంది. మైనం నీటిని ఆపాల్సింది పోయి లోపల నిలబెడుతుంది.

బండి అడుగున నల్లటి తారు పూత కొట్టించుకోకండి. సర్వీసు షెడ్డులో చౌకగా చేసిపెడతారు. ఏడాదికి గట్టిపడి చిట్లుతుంది, చిట్లిన సందులో నీరు దూరుతుంది, పైకేమో నల్లగా చక్కగా ఉంటుంది. పాత ఇంజనాయిలు, డీజిలు కొట్టడం ఇంకా చెడ్డది. ఇంగ్లీషు బండ్లలో చాలా బుష్‌లు సహజ రబ్బరు, నూనె తగిలి ఉబ్బి జారిపోతాయి. అడుగున మెత్తగా ఉండిపోయే మైనమే కొట్టించి, ఏటా చూసి, పోయినచోట మళ్లీ రాయడమే దారి.

పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే అయిదో వంతు ఎథనాల్. ఇది ఈ బండ్లకి మూడు రకాల హాని చేస్తుంది. పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి, లోపలి నుంచి రేకులు రేకులుగా ఊడదీస్తుంది. పాత ట్యాంకుల్లో ఎప్పుడో పోసిన లీకు పూతని కరిగించి కార్బొరేటరులోకి పంపుతుంది. గాలిలో తేమ పీల్చుకుంటుంది. పీల్చుకున్న నీరు హద్దు దాటితే ఎథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. బండి పీల్చేది అడుగు నుంచే.

కాబట్టి బండి ఇంటికి రాగానే పెట్రోలు గొట్టాలన్నీ మార్చండి. ఆర్9 రకం, లోపల వైటన్ (ఎథనాల్‌ని తట్టుకునే రబ్బరు) పూత ఉన్న గొట్టం అడగండి. ఎంజీబీకి రెండు మీటర్లు చాలు, ఈ-టైప్‌కి ఇంకాస్త. క్లిప్పులు గుండ్రటి అంచువి తీసుకోండి, పళ్లవి మెత్తటి గొట్టాన్ని కోస్తాయి. ఫ్లోట్ సూదులు వైటన్ కొసవి వేయండి. రేకు ట్యాంకుకి పూత పోసి ఉంటే ఆ పూత తీయించి, ఎథనాల్‌ని తట్టుకునే పూత పోయించండి లేదా కొత్త ట్యాంకు వేయండి. పెట్రోలు వాసన బండి లోపలికి వస్తోందంటే దాన్ని పాత బండి సువాసన అనుకోకండి.

ఎథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో మిశ్రమం పల్చబడుతుంది. ఇంగ్లీషు బండ్లలో ఎక్కువగా ఉండే ఎస్‌యూ కార్బొరేటరులో సరిచేయడం తేలిక. జెట్టు కింద ఆరు ముఖాల నట్టు ఉంటుంది. జెట్టుని పైకి, బ్రిడ్జి (కార్బొరేటరు పిస్టను కింద ఉండే దిమ్మ) మట్టానికి తెచ్చి, అక్కడి నుంచి రెండు పూర్తి చుట్లు, అంటే పన్నెండు ముఖాలు కిందకి దింపితే మొదలుపెట్టే స్థానం. ఇంజను బాగా వేడెక్కాక, కార్బొరేటరు పిస్టను కింద ఉన్న చిన్న పిన్నుతో ఆ పిస్టనుని ఒక మి.మీ. కన్నా తక్కువ ఎత్తండి. ఇంజను వేగం పెరిగి అలాగే నిలిస్తే మిశ్రమం చిక్కన, ఆగిపోబోతే పల్చన, ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరి. ఈ20కి తరచుగా ఒకటి నుంచి మూడు ముఖాలు అదనంగా దింపాల్సి వస్తుంది. ఒక్కసారి ఒక్క ముఖమే తిప్పండి. రెండు కార్బొరేటర్లకీ ఒకే లెక్క. ఆల్ఫా రోమియోలాంటి బండ్లలో వెబర్ 40 డీసీఓఈ కార్బొరేటర్లు ఉంటే మెయిన్ జెట్టు ఒక మెట్టు, అంటే 5 పెంచి ప్లగ్గు రంగు చూడాలి. మెర్సిడెస్ 230 ఎస్‌ఎల్‌లోని బాష్ మెకానికల్ ఇంజెక్షన్ పంపుని మాత్రం ఇంట్లో ముట్టుకోకండి.

ఇంజనాయిలు 20డబ్ల్యూ-50 ఖనిజ నూనె, జింకు ఎక్కువున్నది. కొత్త కార్ల పల్చటి సింథటిక్ నూనె ఈ ట్యాపెట్లకీ, మన ఎండకీ తగదు.

నడపాలి, లేదంటే పూర్తిగా పడుకోబెట్టాలి

ఆదివారం పొద్దున అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం అందరూ చేసే పని. చాలా చెడ్డ పని. మండిన పెట్రోలు నుంచి నీరు పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే ఆ నీరు నూనెలోనూ, సైలెన్సరులోనూ ఉండిపోతుంది. సైలెన్సరు బయట నుంచి కాదు, లోపల నుంచి చిల్లులు పడేది అందుకే. బండి తీస్తే కనీసం 40 నిమిషాలు, రోడ్డు మీద, నాలుగో గేరులో. పదిహేను రోజులకి ఒకసారి అలా తిప్పినా చాలు.

అది కుదరనప్పుడు, అంటే జులై నుంచి అక్టోబరు దాకా నిలిపేస్తారనుకుంటే, ఈ వరసలో చేయండి. వేడి నూనె దింపి కొత్తది పోయండి, పాతదాని ఆమ్లాలు లోపల ఉండకూడదు. ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటరు గిన్నెలు ఎండిపోయేదాకా ఇంజను ఆడించండి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో 5 మి.లీ. నూనె పోసి, ప్లగ్గులు లేకుండానే ఇంజనుని చేత్తో రెండు చుట్లు తిప్పండి. హ్యాండ్‌బ్రేకు వేయకండి, చక్రాలకు చెక్కలు పెట్టండి. వేసి ఉంచితే వానాకాలం అయ్యేసరికి లైనింగు డ్రమ్ముకో డిస్కుకో అతుక్కుపోతుంది. క్లచ్ పెడల్ కిందకి నొక్కి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర అడ్డం పెట్టండి. లేదంటే ప్లేటు ఫ్లయ్‌వీలుకి తుప్పుతో అంటుకుంటుంది. టైర్లలో 40 పీఎస్‌ఐ గాలి పెట్టి, బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టండి. 12.4 వోల్టుల కిందకి దిగితే చార్జింగు పెట్టాలి.

మళ్లీ తీసినప్పుడు పెట్రోలు రాకపోతే కంగారు పడకండి. ఎంజీబీలో, ఈ-టైప్‌లో ఎస్‌యూ కరెంటు పంపు ఉంటే దాని పాయింట్లు చెమ్మకి మసిబారతాయి. స్క్రూడ్రైవరు పిడితో పంపుని మెల్లగా తడితే టకటకమంటుంది. మొదటి ప్రయాణం అయ్యాక ఇంటికొచ్చి పాయింట్లు శుభ్రం చేయండి. రోజూ తట్టడం మరమ్మతు కాదు. స్పార్కు రాకపోతే డిస్ట్రిబ్యూటరు మూత లోపల తడి తుడిచి, పాయింట్ల మధ్య మందం కాగితం ఒకసారి లాగండి. ఎర్త్ వైర్లన్నీ ఏటా విప్పి, రేకు మెరిసేదాకా గీకి, బిగించి, పైన వ్యాజిలిన్ రాయండి. ఇంగ్లీషు బండ్లలోని లూకాస్ కంపెనీ వైరింగుకి వచ్చిన చెడ్డపేరులో సగం ఎర్త్‌దే. 1967కి ముందు ఎంజీబీల్లో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. బ్యాటరీ తిరగేసి పెడితే పొగ వస్తుంది.

బ్రేకులు, నీళ్లు

డాట్ 4 బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు పీల్చుకుంటే ఆ హద్దు 155కి పడిపోతుంది. చలిదేశాల్లో రెండేళ్లకి మారుస్తారు, ఇక్కడ ఏటా మార్చండి, క్లచ్ ఆయిలుతో సహా. ఈ-టైప్ వెనక డిస్కులు చక్రాల దగ్గర కాక డిఫరెన్షియల్ పక్కనే ఉంటాయి, గాలి తగలదు, బాగా కాగుతాయి. ఆ బండికి ఇది ఇంకా ముఖ్యం.

రేడియేటరులో సగం కూలెంటు, సగం బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు. పాత ఇత్తడి రేడియేటర్లకి సిలికేటు ఉన్న పాతరకం కూలెంటే మేలు. 3.8 ఈ-టైప్ ట్రాఫిక్కులో కాగుతుందని పేరు పడింది. దానికి మంచి కరెంటు ఫ్యాను, దాని చుట్టూ సందు లేని ష్రౌడు (గాలిని రేడియేటరు గుండా మళ్లించే తొడుగు) వేయించండి. మే మధ్యాహ్నం రాజమండ్రి వంతెన మీద ట్రాఫిక్కులో నిలబడే పరీక్ష ఏ పాత బండికీ పెట్టకండి.

రోడ్డు మీద

కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వరిగడ్డి ఈ బండ్లకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. నేలకి ఇంత దగ్గరగా ఉండే సైలెన్సరుకీ, తిరిగే షాఫ్టుకీ గడ్డి చుట్టుకుంటుంది, కాసేపటికి అంటుకుంటుంది. గడ్డి ఉన్న రోడ్డు తప్పకపోతే దాటిన వెంటనే ఆగి, కిందకి వంగి చూసి, తీగతో లాగేయండి. అగ్నిమాపక సిలిండరు సీటు దగ్గరే ఉండాలి. పొడి రకం కన్నా కార్బన్ డయాక్సైడు రకం మేలు, ఎందుకంటే ఆ పొడి చెమ్మ తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

రైసుమిల్లుల దగ్గర పడే ఊక బూడిదను పొడిగుడ్డతో తుడవకండి. అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. ధారగా నీళ్లు పోసి కడిగాకే గుడ్డ. చేపల వ్యాను వెనక వెళ్లాల్సి వచ్చిన రోజు అడుగు భాగం కూడా కడగండి. స్పోకుల చక్రాలుంటే నెలకోసారి ప్రతి స్పోకునీ పానాతో తట్టి వినండి, మూగగా పలికినది వదులైనది.

వరద వస్తే

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు. రెండోది 13.75 అడుగులు, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులు, 17 లక్షలు. లంకల వైపు, ఏటిగట్టు కింద ఇళ్లున్నవాళ్లు మొదటి హెచ్చరికకే బండి మెరకకి తరలించాలి. కాజ్‌వేలు మునిగాక ఇంత ఎత్తు తక్కువ బండి ఎక్కడికీ పోలేదు. భద్రాచలంలో 43 అడుగులు దాటిందన్న వార్త రాగానే బ్యాటరీ పెట్టి, పెట్రోలు పోసి సిద్ధంగా ఉంచండి.

తప్పించలేక నీళ్లు ఎక్కాయనుకోండి. సెల్ఫ్ కొట్టకండి. సిలిండరులో నీరు ఉంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు బ్యాటరీ తీయండి. ప్లగ్గులు విప్పి, ఇంజనుని చేత్తో తిప్పి నీరు బయటికి పంపండి. తర్వాత ఇంజను, గేరుబాక్సు, డిఫరెన్షియల్ మూడింటి అడుగు బోల్టులూ విప్పండి. నీరు బరువు కాబట్టి ముందు నీరు వస్తుంది, తర్వాత నూనె. ఆ నూనె పాలలా ఉంటే కొత్త చౌక నూనె పోసి పది నిమిషాలు ఆడించి దింపి, మళ్లీ అసలు నూనె పోయాలి, ఫిల్టరు రెండుసార్లూ మార్చాలి. కార్పెట్లు, సీట్లు అదే రోజు బయటికి. బ్రేకు డ్రమ్ములు విప్పి, మంచినీటితో కడిగి, ఆరబెట్టి బిగించండి. చక్రాల బేరింగుల గ్రీజు మొత్తం తీసి కొత్తది పెట్టండి. సముద్రపు పోటు కలిసిన నీళ్లయితే ముందు బండి మొత్తాన్ని, గుల్లల లోపలితో సహా, మంచినీటితో ముంచెత్తి కడగాలి. ఎండ వచ్చాక మైనం పని మొదటి నుంచి మళ్లీ చేయాలి.